నోటిపై కిరణచికిత్స దుష్ప్రభావాలు, వాటి నివారణ: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తల, మెడ భాగాల కాన్సర్‌కు కిరణచికిత్స చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగా రాస్తారు. ఎక్స్ కిరణాల గొట్టం, రేడియం సూది, కోబాల్ట్ యంత్రం, లీనియర్ యాక్సిలరేటర్ అనే వరుసలో అది సాగుతుంది. ఈ వ్యాసం అదే చరిత్రను రోగి నోటి వైపు నుంచి పరిశీలిస్తుంది. నోటిపూత, నోరెండడం, దంతక్షయం, దవడ ఎముక నిర్జీవం కావడం అనే నాలుగు దుష్ప్రభావాలను వైద్యులు 1911 నుంచి 2020 వరకు ఎట్లా అర్థం చేసుకున్నారు, ఏ నివారణ పద్ధతులు నిలిచాయి, ఏవి పరీక్షకు ఆగలేకపోయాయి అన్నది ఇందులోని ప్రధానాంశం. ఉత్తర కోస్తా ఆంధ్రలోని అడ్డపొగ అలవాటుపై జరిగిన పరిశోధనలను కూడా ఈ సందర్భంలో ప్రస్తావించడమైంది.

కీలకపదాలు: కిరణచికిత్స, నోటిపూత, లాలాజలం, దంతక్షయం, దవడ ఎముక, ఫ్లోరైడ్, అడ్డపొగ.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట రేడియేషన్ చికిత్సను జనం "కరెంటు పెట్టడం" అంటారు. విద్యుత్తుకూ ఎక్స్ కిరణాలకూ ఉన్న తేడా తెలిసినవారికి ఈ మాట తప్పుగా తోచవచ్చు. కాని కంటికి కనపడని శక్తి ఒకటి ఒంట్లోంచి పోయిందనీ, లోపల దేన్నో కాల్చిందనీ రోగి పొందిన అనుభవం ఆ పేరులో ఉంది. కాలేది కంతి ఒక్కటే కాదు. నాలుక, బుగ్గ, అంగిలి, గొంతు ప్రాంతాల కాన్సర్‌కు ఈనాడు వాడుకలో ఉన్న పద్ధతిలో వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలపాటు, రోజుకు సుమారు 2 గ్రేల వంతున, మొత్తం 60 నుంచి 70 గ్రేల మోతాదు ఇస్తారు. మొదటి వారంలోనే ఉమ్మి చిక్కబడి జిగురవుతుంది. రుచి పోతుంది. రెండు మూడు వారాల మధ్య నోటి లోపలి పొర ఎర్రబడి, పూసి, పుండ్లు పడుతుంది. చికిత్స ముగిసిన కొన్ని వారాలకు పుండ్లు మానతాయి. లాలాజలం మాత్రం చాలామందికి పూర్వస్థితికి రాదు. ఏడాది తిరిగేసరికి పళ్లు చిగుళ్ల మొదట్లో పుచ్చిపోతాయి. దవడ ఎముకకు ఉన్న ప్రమాదం జీవితాంతం ఉంటుంది.

ఈ నాలుగు దుష్ప్రభావాలకూ నాలుగు వేర్వేరు కాలగతులు ఉన్నాయన్నది గమనించదగిన విషయం. రోజులలో కనిపించినదాన్ని వైద్యులు ముందు చూశారు. నెలల తరువాత కనిపించినదాన్ని ఆలస్యంగా చూశారు. ఏళ్ల తరువాత వచ్చినదానికి, రోగి అంతకాలం బతకడం మొదలయ్యాకే ప్రాధాన్యం పెరిగింది. ఆ విధంగా చూస్తే దుష్ప్రభావాల చరిత్ర ఒక రకంగా రోగుల ఆయుర్దాయపు చరిత్ర కూడా.

2. తొలి గమనికలు: బెర్గోనియే, రెగో, కూటార్

రోంట్‌జన్ 1895 నవంబరులో ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. క్యూరీ దంపతులు 1898లో రేడియాన్ని గుర్తించారు. ఈ రెండింటినీ చికిత్సకు వాడడం వెంటనే మొదలైంది. ఎంత మోతాదు ఇవ్వాలి, ఎట్లా కొలవాలి అన్నది తెలియని ఆ తొలి ఏళ్లలో చర్మం కాలడమే వైద్యుడికి కొలమానంగా ఉండేది.

ఫ్రాన్సులోని బోర్డో నగరంలో పనిచేసిన బెర్గోనియే పేరు వైద్య విద్యార్థులకు ఒక సూత్రం వల్ల పరిచితం. త్వరత్వరగా విభజన చెందే కణాలు, ఇంకా పరిణతి చెందని కణాలు కిరణాలకు ఎక్కువగా దెబ్బతింటాయని 1906లో ఆయన, ట్రిబొందో కలిసి ప్రతిపాదించారు. అదే బెర్గోనియే 1911లో స్పెడెర్‌తో కలిసి, కిరణాలు సోకిన కొద్దికాలానికే లాలాజల గ్రంథులు స్పందించే తీరును నమోదు చేశాడు. ఇక్కడొక విచిత్రం ఉంది. చెవి ముందు ఉండే పెరోటిడ్ గ్రంథిలో లాలాజలాన్ని తయారుచేసే కణాలు పూర్తిగా పరిణతి చెందినవి. అవి అరుదుగా మాత్రమే విభజన చెందుతాయి. బెర్గోనియే సూత్రం ప్రకారం అవి కిరణాలను బాగా తట్టుకోవాలి. కాని మొదటి వారంలోనే కుంగిపోతాయి. సూత్రకర్త పేరుమీదనే సూత్రానికి అపవాదం కూడా నమోదై ఉండడం వైద్యచరిత్రలో అరుదైన ఉదాహరణ. ఆ అపవాదానికి కారణమేమిటన్న చర్చ తరువాతి దశాబ్దాలలోనూ సాగింది.

రెండవ ముఖ్య ఘట్టం పారిస్‌లోని రేడియం సంస్థది. అక్కడ క్లోడియస్ రెగో పొట్టేళ్ల వృషణాలపై ప్రయోగాలు చేశాడు. ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే పొట్టేలు వంధ్యం కావడానికి ముందే చర్మం మాడిపోయేది. అదే మోతాదును విడతలుగా ఇస్తే వంధ్యత్వం సాధ్యమై, చర్మం నిలిచేది. ఆయన సహచరుడు ఆన్రీ కూటార్ ఈ ఫలితాన్ని గొంతు కాన్సర్‌కు అన్వయించాడు. స్వరపేటిక కాన్సర్ రోగులకు విడతల పద్ధతిలో చికిత్స చేసి పొందిన ఫలితాలను 1922లో పారిస్‌లో సమర్పించాడు. నేటి ఐదు రోజుల, ఆరేడు వారాల పద్ధతికి మూలం అక్కడ ఉంది.

మన ప్రస్తుతాంశానికి కూటార్ మరొక కారణంగా ముఖ్యుడు. చికిత్స మొదలైన సుమారు రెండు వారాలకు గొంతు లోపలి పొరపై తెల్లని పొర ఏర్పడడం, తరువాత కొన్నాళ్లకు అది ఊడి కొత్త పొర రావడం, చర్మంపై ఇదే వరుస మరింత ఆలస్యంగా రావడం ఆయన శ్రద్ధగా గమనించి వర్ణించాడు. ఆయన దృష్టిలో అది రోగికి వచ్చిన కష్టం మాత్రమే కాదు, మోతాదు సరైన చోట, సరైన మేరకు పడిందనడానికి గుర్తు కూడా. కిరణాలను కొలిచే పరికరాలు నమ్మదగినవిగా లేని కాలంలో రోగి నోరే పరికరమైంది. పుండు పడకపోతే వైద్యుడు సందేహించే పరిస్థితి అది. నోటిపూతను నివారించాలన్న ఆలోచన దశాబ్దాలపాటు బలపడకపోవడానికి ఇది ప్రధాన కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కొలమానాన్ని ఎవరూ చెరపాలనుకోరు కదా!

3. దవడ ఎముక, పళ్లు పీకించే ఆచారం

1922లోనే రెగో ఎముకపై కిరణాల ప్రభావాన్ని గురించి రాశాడు. దవడ ఎముక నిర్జీవమై, చిగురు చీలి, ఎముక నోట్లోకి బయటపడడాన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. 1926లో అమెరికాలో జేమ్స్ యూయింగ్ కిరణాల వల్ల ఎముకకు కలిగే మార్పులను వర్ణించాడు. ఆ మధ్యకాలంలో, 1924లో, న్యూయార్క్ దంతవైద్యుడు థియొడోర్ బ్లమ్ గడియారాల ముఖాలకు రేడియం రంగు పూసే పనిలో ఉన్న యువతి దవడ వ్యాధికి "రేడియం దవడ" అని పేరు పెట్టాడు. కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకునే అలవాటు వల్ల ఆ పనివారి శరీరంలోకి రేడియం చేరేది. అది చికిత్సకు సంబంధించినది కాకపోయినా, దవడ ఎముకకూ కిరణధార్మికతకూ ఉన్న సంబంధాన్ని ఆ ఉదంతం ప్రజల దృష్టికి తెచ్చింది.

ఎముక ఎందుకు ఎక్కువగా దెబ్బతినేది? ఆనాటి యంత్రాలు సుమారు 200 కిలోవోల్టుల శక్తితో పనిచేసేవి. ఆ శక్తిస్థాయిలో కాల్షియం ఉన్న ఎముక, పక్కనున్న మెత్తని కణజాలం కన్నా ఎక్కువ శక్తిని పీల్చుకుంటుంది. అంటే వైద్యుడు కంతికి ఇచ్చాననుకున్న మోతాదు కన్నా దవడకు ఎక్కువ చేరేది. పై దవడ కన్నా రక్తప్రసరణ తక్కువగా ఉండే కింది దవడ ఎక్కువగా నష్టపోయేది.

పుచ్చిన పన్ను ద్వారా ఎముకకు సూక్ష్మజీవులు చేరడం, కిరణచికిత్స తరువాత పన్ను పీకితే ఆ గాయం మానకపోవడం వైద్యులు త్వరలోనే గుర్తించారు. దానికి వారు కనుగొన్న పరిష్కారం సరళమైనది, క్రూరమైనది. చికిత్సకు ముందే పళ్లన్నీ తీసివేయడం. పుచ్చినవే కాక ఆరోగ్యంగా ఉన్నవి కూడా తీసేవారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం దాకా అనేక కేంద్రాలలో ఇది జాగ్రత్తగా పరిగణన పొందింది. రోగి కోణంలో చూస్తే చికిత్స మొదటి మెట్టు బోసినోరు. పైగా లాలాజలం లేని నోట్లో కట్టుడుపళ్లు నిలవవు, ఒరిపిడికి పుండ్లు పడతాయి. గాయాలు పూర్తిగా మానకముందే కిరణాలు మొదలుపెడితే, ఏ ప్రమాదాన్ని తప్పించడానికి పళ్లు పీకారో ఆ ప్రమాదానికే అది దారి తీసేది.

కూటార్ వద్ద శిక్షణ పొందిన హువాన్ డెల్ రెగాటో 1939లో కిరణచికిత్స అనంతరం వచ్చే దంతవ్యాధులను వివరంగా వర్ణించాడు. సాధారణ పుచ్చు పళ్ల నడుమ, నమిలే ఉపరితలపు గుంటల్లో మొదలవుతుంది. ఈ పుచ్చు పన్ను మెడ చుట్టూ ఉంగరంలా వ్యాపిస్తుంది. కొరికే అంచులను, మొనలను తింటుంది. మామూలుగా చివరిదాకా నిలిచే కింది ముందుపళ్లు కూడా దీనికి లొంగుతాయి. ఒకనాడు భోజనం చేస్తుండగా పన్ను పైభాగం చిగురు వద్ద విరిగి చేతికి వస్తుంది. నేరుగా కిరణాలు తగలని పళ్లకూ ఇదే గతి పట్టడం వల్ల, అసలు దోషం పన్నులో లేదు, దాన్ని రోజంతా కడిగే ఉమ్మిలో ఉందన్న అవగాహన క్రమంగా బలపడింది.

1951లో కెనడాలో కోబాల్ట్ 60 యంత్రాలతో చికిత్స మొదలైంది. ఆ శక్తిస్థాయిలో ఎముక అదనంగా పీల్చుకునే మోతాదు దాదాపు లేకుండా పోయింది. చర్మం కాలడం కూడా తగ్గింది. యంత్రాల చరిత్ర నిజంగా నోటికి మేలు చేసిన సందర్భాలలో ఇది ఒకటి. అయినా పళ్లు పీకించే ఆచారం యంత్రంతోపాటు మారలేదు. దాన్ని మార్చినది వేరొకటి.

4. హ్యూస్టన్, ఫ్లోరైడ్

అమెరికాలోని హ్యూస్టన్‌లో ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రి, టెక్సాస్ విశ్వవిద్యాలయ దంతవైద్య విభాగం కలిసి చేసిన పని ఈ చరిత్రలో మలుపు. 1972లో డేలీ, డ్రేన్, మెకోంబ్ కిరణచికిత్స పొందే రోగుల పళ్ల, దవడల సంరక్షణపై తమ అనుభవాన్ని ప్రచురించారు. 1975లో బ్రౌన్, డ్రైజెన్ తదితరులు లాలాజలం తగ్గిన నోట్లో సూక్ష్మజీవుల జనాభా ఎట్లా మారుతుందో చూపారు. పుచ్చుకు కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్, లాక్టోబాసిల్లస్, వాటితోపాటు కాండిడా అనే శిలీంధ్రం విపరీతంగా పెరుగుతాయి. లాలాజలం కేవలం తడి కాదు. అది ఆమ్లాన్ని విరుస్తుంది, పంటికి కాల్షియం ఇస్తుంది, సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. ఈ మూడూ ఒకేసారి ఆగిపోతాయి.

1977లో డ్రైజెన్ బృందం ప్రచురించిన ఫలితం చాలా సూటిగా ఉంది. రోగి పళ్ల అచ్చుకు సరిపడే మెత్తని పళ్లెం తయారుచేసి, అందులో ఒక శాతం సోడియం ఫ్లోరైడ్ జెల్ వేసి, రోజూ ఐదు నిమిషాలు పెట్టుకోవాలి. పళ్లు శుభ్రంగా తోముకోవాలి. ఇట్లా చేసినవారికి పుచ్చు దాదాపు అదుపులో ఉంది. ఫ్లోరైడ్ లేకుండా శుభ్రతపై మాత్రమే ఆధారపడినవారి పళ్లు వేగంగా పాడయ్యాయి. ఫ్లోరైడ్ అంటే నల్లగొండ గుర్తుకువచ్చే తెలుగు పాఠకుడికి ఇక్కడ చిన్న వివరణ అవసరం. నీటిలో అధికమై ఏళ్ల తరబడి ఒంట్లో చేరే ఫ్లోరైడ్ వేరు, పంటి ఉపరితలంపై పూసి ఉమ్మివేసే ఫ్లోరైడ్ వేరు. పదార్థం ఒకటే, మార్గమూ మోతాదూ భిన్నం.

ఈ ఐదు నిమిషాల పని పళ్లన్నీ పీకే ఆచారానికి ఆధారం లేకుండా చేసింది. బాగుచేయడానికి వీలున్న పళ్లు ఉంచవచ్చు. వీలులేనివే తీసి, కిరణాలు మొదలయ్యేలోగా గాయం మానడానికి సుమారు రెండు వారాలు ఇవ్వాలన్న పద్ధతి స్థిరపడింది. ఈ మొత్తం చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద మార్పు తెచ్చిన మరొక ఆవిష్కరణ కనపడదు. దీనికి తగిన ప్రసిద్ధి మాత్రం రాలేదు. బహుశా జెల్ పూసిన పళ్లెం ఫొటోకు లొంగే వస్తువు కాకపోవడం వల్ల కావచ్చు.

5. ప్రాణవాయువు వాదం, దాని పరీక్ష

దవడ ఎముక ఎందుకు చచ్చిపోతుందన్న ప్రశ్నకు 1970లో మేయర్ ఇచ్చిన సమాధానం కిరణం, గాయం, సూక్ష్మజీవి అనే త్రయం. కాబట్టి యాంటీబయాటిక్ వాడాలి. 1983లో రాబర్ట్ మార్క్స్ దీన్ని తోసిపుచ్చాడు. చచ్చిన ఎముక లోతుల్లో సూక్ష్మజీవులు పెద్దగా కనిపించలేదనీ, ఇది ఇన్‌ఫెక్షన్ కాక మానని గాయమనీ ఆయన వాదించాడు. కిరణాల వల్ల కణజాలంలో రక్తనాళాలు తగ్గుతాయి, కణాలు తగ్గుతాయి, ప్రాణవాయువు తగ్గుతుంది. అటువంటి ఎముక చిన్న గాయానికి కూడా తట్టుకోలేదు. దీనికి విరుగుడు అధికపీడనంలో ప్రాణవాయువు. రోగిని మూసిన గదిలో 2.4 రెట్ల వాతావరణ పీడనంలో 90 నిమిషాలు ఉంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వాలి. పన్ను పీకడానికి ముందు 20 సార్లు, తరువాత 10 సార్లు.

1985లో మార్క్స్ తన వాదానికి పరీక్ష కూడా చూపాడు. కిరణచికిత్స పొందిన 74 మందికి పళ్లు తీశారు. సగం మందికి పెన్సిలిన్, సగం మందికి ప్రాణవాయువు. పెన్సిలిన్ వర్గంలో 37 మందిలో 11 మందికి దవడ వ్యాధి వచ్చింది. ప్రాణవాయు వర్గంలో 37 మందిలో ఇద్దరికే వచ్చింది. ఈ ఒక్క చిన్న పరీక్ష రెండు దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలను శాసించింది. ప్రాణవాయు గది లేని ఊళ్లలో దంతవైద్యులు కిరణచికిత్స పొందిన రోగి పన్ను ముట్టడానికే జంకారు.

తరువాతి పరీక్షలు ఆ నమ్మకానికి అనుకూలించలేదు. 2004లో ఫ్రాన్సులో అన్నాన్ బృందం, అప్పటికే దవడ వ్యాధి ఉన్న 68 మందిపై, ఎవరికి ఏ చికిత్స అందుతున్నదో రోగికీ వైద్యుడికీ తెలియని పద్ధతిలో పరీక్ష జరిపింది. ఏడాదికి కోలుకున్నవారు ప్రాణవాయు వర్గంలో 19 శాతం, పోలిక వర్గంలో 32 శాతం. ప్రయోజనం కనపడక ఆ పరీక్షను ముందుగానే ఆపివేశారు. నివారణ విషయంలో 2019లో వెలువడిన హోపాన్ పరీక్ష 144 మందిని తీసుకున్నది. ఆరు నెలలకు దవడ వ్యాధి వచ్చినవారు ప్రాణవాయు వర్గంలో 6.4 శాతం, మామూలు సంరక్షణ వర్గంలో 5.7 శాతం.

ఈ అంకెలను 1985 నాటి వాటితో పోల్చినప్పుడు కంటికి తట్టేది మరొకటి ఉంది. ప్రాణవాయువు ఇవ్వని వర్గంలో వ్యాధి రేటు సుమారు 30 శాతం నుంచి 6 శాతానికి వచ్చింది. రెండు పరీక్షల రోగులూ, గడువులూ ఒకటి కావు గనుక ఈ పోలికను అతిగా సాగదీయరాదు. అయినా మధ్యకాలంలో కిరణాల గురి, దంతసంరక్షణ, పన్ను తీసే నైపుణ్యం మారాయన్నది స్పష్టం. ఒక కాలపు రోగులకు సరిపోయిన సిద్ధాంతం మరొక కాలపు రోగులకు సరిపోవాలని లేదు. 2004లో డెలానియన్, లెఫే ప్రతిపాదించిన మరొక సిద్ధాంతం నాళాల కన్నా కణజాలం నారలా గట్టిపడడాన్ని ముఖ్యకారణంగా చూపింది. పెంటాక్సిఫిల్లిన్, విటమిన్ ఇ కలిపి ఇచ్చే మాత్రల పద్ధతి దాని నుంచి పుట్టింది.

6. లాలాజలం కోసం అన్వేషణ

పోయిన ఉమ్మిని తిరిగి తెప్పించే తొలి నమ్మకమైన మందు ఒక బ్రెజిల్ మొక్క నుంచి వచ్చింది. జాబొరాండి ఆకు నమిలితే నోరు ఊరుతుందని అక్కడివారికి తెలుసు. 1875లో అందులోని సారం పైలోకార్పిన్‌ను వేరుచేశారు. దాన్ని గ్లాకోమా కంటిచుక్కలుగా ఒక శతాబ్దం వాడాక, 1993లో ప్రచురితమైన పరీక్ష ఆధారంగా 1994లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కిరణచికిత్స వల్ల నోరెండినవారికి 5 మిల్లీగ్రాముల మాత్రగా అనుమతించింది. గ్రంథిలో కొన్ని కణాలైనా మిగిలి ఉంటేనే అది పనిచేస్తుంది. ఒళ్లంతా చెమటలు పట్టడం దాని ప్రధాన ఇబ్బంది. 1999లో అనుమతి పొందిన అమిఫోస్టిన్, ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అణుదాడి నుంచి సైనికులను కాపాడేందుకు అమెరికా సైన్యం సాగించిన పరిశోధనలో పుట్టిన మందు. వాంతులు, రక్తపోటు పడిపోవడం, రోజూ సూది, ఖర్చు. వీటివల్ల దాని వాడుక పరిమితంగానే ఉంది.

మందు కన్నా గ్రంథినే తప్పించడం మేలన్న ఆలోచన 1990లలో సాధ్యమైంది. 1999లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఐస్‌బ్రుక్ బృందం, పెరోటిడ్ గ్రంథికి అందే సగటు మోతాదు సుమారు 26 గ్రేలకు మించకపోతే లాలాజలం చాలావరకు తిరిగి వస్తుందని చూపింది. కిరణపుంజం తీవ్రతను చోటుచోటుకూ మార్చగల ఐఎమ్ఆర్‌టీ పద్ధతి దీనికి సాధనమైంది. బ్రిటన్‌లో 94 మందిపై జరిగిన పార్స్‌పోర్ట్ పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఏడాది తరువాత చెప్పుకోదగినంతగా నోరెండినవారు పాత పద్ధతిలో 74 శాతం, కొత్త పద్ధతిలో 38 శాతం. మరుసటి ఏడాది ముంబయి టాటా మెమోరియల్ కేంద్రం 60 మందిపై జరిపిన పరీక్షను ప్రచురించింది. లాలాజల గ్రంథులపై తక్షణ దుష్ప్రభావం పాత పద్ధతిలో 89 శాతానికి, కొత్త పద్ధతిలో 59 శాతానికి కనిపించింది. భారతీయ రోగులకు కూడా ఈ మేలు వర్తిస్తుందని రుజువైంది. అయితే 59 శాతం అన్న అంకె కూడా తక్కువేమీ కాదని గుర్తుంచుకోవాలి.

7. నోటిపూత: కొలత, తేనె, ఉప్పునీరు

1979లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ చికిత్సా ఫలితాలను నమోదు చేసే పద్ధతిని ప్రచురించినప్పుడు నోటిపూతకు నాలుగు స్థాయిలు ఏర్పరచింది. ఎరుపు, మంట ఉంటే మొదటిది. పుండ్లున్నా ఘనాహారం తినగలిగితే రెండవది. ద్రవాహారమే దిగితే మూడవది. అదీ దిగకపోతే నాలుగవది. ఈ కొలమానం ఒక రకంగా వంటింటిది. అన్నం, జావ, ఏదీ లేదు అన్న మెట్లలో తెలుగు ఇంట్లో దాన్ని వెంటనే పోల్చుకుంటారు. మన వంటకు అది ఇంకా కఠినం. పచ్చిమిరప, చింతపండు, ఆవకాయ లేని ముద్ద అలవాటులేని నోటికి రెండవ స్థాయిలోనే పస్తు మొదలవుతుంది. మజ్జిగ, రాగిజావ, మెత్తని పప్పన్నం వంటి చప్పిడి తిండిని ఒప్పించడం ఇంటివారి పని అవుతుంది.

కూటార్ కాలంలో కొలమానంగా ఉన్న పుండు ఇట్లా తానే కొలతకు లోనైంది. కొలవగలిగాక నివారణ పరీక్షలు సాధ్యమయ్యాయి. 2004 నుంచి అంతర్జాతీయ కాన్సర్ సహాయకచికిత్సా సంఘం మార్గదర్శకాలు వెలువరిస్తూ వస్తోంది. వాటిలో కొన్ని తీర్పులు దంతవైద్యుల అలవాట్లకు విరుద్ధం. చిగుళ్ల జబ్బులకు వాడే క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత కిరణచికిత్స నోటిపూతను నివారించదు, కనుక అందుకోసం వాడవద్దన్నారు. మంట తగ్గించే బెంజిడమైన్ పుక్కిలింతను మధ్యస్థ మోతాదు కిరణచికిత్సలో సిఫారసు చేశారు. తక్కువ శక్తి గల లేజరు కాంతిని కూడా సిఫారసు చేశారు.

తేనె కథ ఆసక్తికరం. 2003లో మలేషియాలో బిస్వాల్ బృందం 40 మందిపై పరీక్ష జరిపింది. కిరణాలకు 15 నిమిషాల ముందు, 15 నిమిషాల తరువాత, ఆరు గంటల తరువాత తేనెను నోట్లో పుక్కిలించి మింగించారు. తీవ్రమైన నోటిపూత తేనె వర్గంలో 20 శాతానికి, మరో వర్గంలో 75 శాతానికి వచ్చింది. 2012లో మాంచెస్టర్‌లో ఇదే ప్రశ్నను న్యూజీలాండ్ మనుకా తేనెతో పరీక్షించారు. పోలికకు చక్కెర పాకం వాడారు. తేడా కనపడలేదు. అన్ని పరీక్షలనూ కలిపి చూసి 2020 మార్గదర్శకాలు తేనెను బలహీనమైన సూచనగా అంగీకరించాయి. మన సంప్రదాయంలో తేనెకున్న స్థానం వల్ల ఈ ఫలితాన్ని ఉత్సాహంగా చెప్పుకునే ప్రమాదం ఉంది. లాలాజలం ఎండిన నోట్లో తీపి పదార్థం పుచ్చుకు ఆహ్వానం అన్న నాల్గవ విభాగపు చర్చను ఇక్కడ మరవకూడదు. ఒక దుష్ప్రభావానికి మందు మరొకదానికి మూలం కావచ్చు.

ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటి పుక్కిలింత ఎన్నో ఆసుపత్రులలో మొదటి సలహా. దాని గురించి తగిన ఆధారాలు లేనందున మార్గదర్శకం ఇవ్వలేమని సంఘం పేర్కొంది. హాని లేని పుక్కిలింతగా నోటి శుభ్రతకు తోడ్పడవచ్చని మాత్రం అంగీకరించింది. అమ్మడానికి ఏమీలేని ఉప్పునీటిపై పెద్ద పరీక్షకు డబ్బు పెట్టేవారు దొరకడం కష్టం. పరిశోధనాచరిత్ర రాసేవారు ఈ అర్థశాస్త్రాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

8. ఉత్తర కోస్తా: అడ్డపొగ, అంగిలి

ఈ చరిత్రలో తెలుగు ప్రాంతానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను నిప్పు ఉన్న కొస నోటి లోపలికి పెట్టి తాగే అడ్డపొగ అలవాటు ఉంది. 1957లో గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలో అంగిలి కాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని ప్రచురించారు. ఇతర ప్రాంతాల్లో అరుదైన గట్టి అంగిలి కాన్సర్ ఇక్కడ తరచుగా కనిపించడం వారి పరిశీలనకు ఆధారం. 1971లో డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, టాటా ప్రాథమిక పరిశోధన సంస్థకు చెందిన మెహతా తదితరులు 10,169 మంది గ్రామీణులను పరీక్షించి అంగిలిపై ఏర్పడే మార్పులను వర్ణించారు. ఆ తరువాత ఇదే శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్‌లతోపాటు, పొగాకు మాన్పించే ప్రచారంపై జరిగిన దీర్ఘకాల అధ్యయనానికి కేంద్రమైంది.

ఈ అధ్యయనాల ప్రశ్న రోగకారణం. చికిత్స తరువాతి నోరు వాటి పరిధిలో లేదు. అయినా ఆ రెండింటికీ సంబంధం ఉంది. కిరణచికిత్స కాలంలో కూడా పొగ తాగేవారిలో చికిత్సాఫలితం తగ్గుతుందని 1993లో బ్రౌమన్ బృందం కెనడాలో చూపింది. అడ్డపొగలో నిప్పు వేడి, పొగ రెండూ అంగిలిని నేరుగా తాకుతాయి. అటువంటి పొరపై నోటిపూత వచ్చినప్పుడు అలవాటు కొనసాగితే గాయం మానడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అంగిలి భాగాన్ని శస్త్రచికిత్సతో తీసినవారికి నోటికీ ముక్కుకూ మధ్య ఏర్పడిన రంధ్రాన్ని మూసే పలక కావాలి. ఆ పలకను పట్టుకుని నిలిపేవి మిగిలిన పై పళ్లే. అంటే అడ్డపొగ ప్రాంతపు రోగికి పళ్లు నిలుపుకోవడం నమలడానికే కాదు, మాట్లాడడానికీ, మింగింది ముక్కులోకి రాకుండా ఉండడానికీ అవసరం.

ఇక్కడ కాలవిభజన గురించి ఒక మాట చెప్పాలి. పైన వివరించిన దశలు ఒకదాని తరువాత ఒకటి వచ్చి, ముందుదాన్ని తుడిచివేసినట్లు పుస్తకాలు చెబుతాయి. భారతదేశంలో అవి పక్కపక్కనే ఉన్నాయి. ఐఎమ్ఆర్‌టీ వచ్చాక కూడా కోబాల్ట్ యంత్రాలు పనిచేస్తూనే ఉన్నాయి. భాభా అణు పరిశోధన కేంద్రం స్వదేశీ కోబాల్ట్ యంత్రం భాభాట్రాన్‌ను 2000ల దశాబ్దంలో రూపొందించింది. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చికిత్స అందించడానికి అది సరైన నిర్ణయమే. కాని ఆ రోగుల పెరోటిడ్ గ్రంథికి 26 గ్రేల హద్దు వర్తించదు. వారి నోరు 1970ల నాటి నోరు. కాబట్టి వారికి 1970ల నాటి రక్షణ, అంటే ఫ్లోరైడ్ పళ్లెం, జీవితాంతం దంతవైద్యుడి పర్యవేక్షణ తప్పనిసరి.

అది అందుతుందా అన్న ప్రశ్న చికిత్సకు ముందు దంతవైద్యుడి కుర్చీలో ఎదురవుతుంది. పన్నును బాగుచేయవచ్చా అన్నది ఒక్కటే అక్కడ ప్రశ్న కాదు. ఈ మనిషి రోజూ జెల్ పెట్టుకోగలదా, మూడు నెలలకొకసారి ఊరి నుంచి రాగలదా, ఆ రోజు కూలి పోతే ఇల్లు గడుస్తుందా అన్నవి కూడా ప్రశ్నలే. సమాధానం కాదని తోచినప్పుడు, బాగుచేయదగిన పన్నును కూడా తీసివేయడమే క్షేమమని నిర్ణయించే వైద్యులున్నారు. తొంభై ఏళ్ల కిందటి ఆచారానికీ ఈ నిర్ణయానికీ పైకి తేడా కనపడదు. అప్పుడు ఫ్లోరైడ్ సంగతి తెలియక పీకారు. ఇప్పుడు తెలిసి, రోగి ఊరికీ ఆసుపత్రికీ మధ్య దూరాన్ని లెక్కవేసి పీకుతున్నారు.